అక్కి కంటికెక్కితే

మన ఉగాది వేడుకల్లోనూ దీపావళి విందుల్లోనూ కంటి డాక్టరు కనబడితే చాలు, పులిహోర ప్లేటు చేతిలో ఉండగానే వైద్యపరీక్ష మొదలవుతుంది. "డాక్టరుగారూ, మావాడి కన్ను నిన్నటి నుంచి ఎర్రగా ఉంది, ఫార్మసీలో ఏ చుక్కల మందు కొనమంటారు?" అని ఒకరు అడుగుతారు. "మా అత్తయ్యగారికి నుదుటి మీద పొక్కులు లేచాయి. ఆవిడ అక్కి అంటున్నారు. ఈ దేశంలో అక్కి రాసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని ఇంకొకరు. మొదటి ప్రశ్నకు నవ్వుతూ జవాబు చెప్పవచ్చు. రెండో ప్రశ్న వింటే మాత్రం ప్లేటు పక్కన పెట్టవలసిందే. ఆ రెండు ప్రశ్నలకీ ఉన్న తేడా ఏమిటో మన సభ్యులందరికీ తెలియాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

వచ్చిపోయే చుట్టం, ఖాళీ చెయ్యని అద్దెదారు

కంటికి హాని చేసే వైరస్‌లు చాలా ఉన్నాయి. మనకు అర్థం కావడానికి వాటిని రెండు జట్లుగా విడదీసుకుందాం. మొదటి జట్టు వచ్చిపోయే చుట్టాలు. మనం కళ్ళకలక అనేదీ, ఇక్కడివాళ్ళు పింక్ ఐ అనేదీ చాలావరకు ఎడినోవైరస్ అనే దాని పని. కన్ను ఎర్రబడుతుంది, నీరు కారుతుంది, ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది. ఒకటి నుంచి మూడు వారాల్లో ఒళ్ళు తనంతట తానే ఆ వైరస్‌ను వెళ్ళగొడుతుంది. కళ్ళకలక వచ్చినవాళ్ళ కళ్ళలోకి చూస్తే మనకూ వస్తుందని మన ఊళ్ళలో నల్లకళ్ళజోడు పెట్టించేవారు. చూపుతో అంటదు, చేతులతో అంటుతుంది. కన్ను నులుముకున్న చెయ్యి తువ్వాలుకీ, తలుపు గొళ్ళేనికీ తగులుతుంది. అక్కడి నుంచి ఇంకొకరి చేతికీ, వాళ్ళ కంటికీ చేరుతుంది. బాక్టీరియా కోసం తయారైన యాంటీబయాటిక్ చుక్కలు దీనిమీద పనిచెయ్యవు. సబ్బుతో చేతులు కడుక్కోవడం, ఎవరి తువ్వాలు వారిదిగా ఉంచుకోవడం, కాస్త ఓపిక పట్టడం, ఇవే దీనికి మందు. వెలుతురు చూడలేకపోయినా, నొప్పి ఎక్కువైనా, చూపు మసకబారినా మాత్రం డాక్టరుకు చూపించాలి.

రెండో జట్టు వేరు. ఇవి అద్దెకు దిగి ఇల్లు ఖాళీ చెయ్యని రకం. వీటిని హెర్పిస్ కుటుంబం అంటారు. జ్వరం వచ్చినప్పుడు మూతి పేలుతుందే, అది హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్ వల్ల. చిన్నప్పుడు మనకు ఆటలమ్మ పోసిందే, అది ఇదే కుటుంబానికి చెందిన వారిసెల్లా జోస్టర్ అనే వైరస్ వల్ల. వేపాకు నీళ్ళు పోసి, అమ్మవారికి చలివిడి పెట్టి, "తల్లి వెళ్ళిపోయింది" అని మన అమ్మలు ఊపిరి పీల్చుకున్నారు. నిజానికి ఆ వైరస్ ఎక్కడికీ వెళ్ళలేదు. చర్మం మీద పొక్కులు మానాక అది నరాల వెంట ప్రయాణించి, వెన్నుపాము పక్కనా మెదడు మొదట్లోనూ ఉండే నరాల ముడుల్లో దూరి పడుకుంది. మనతోపాటు పెరిగింది, మనతోపాటు విమానం ఎక్కి అమెరికా కూడా వచ్చింది.

అలా పడుకున్న వైరసే పెద్దతనంలో లేచి, ఏదో ఒక నరం వెంట చర్మం మీదికి వస్తే దాన్నే మనం అక్కి అంటాం. కొందరు సర్పి అంటారు. ఇంగ్లీషులో షింగిల్స్. ఈ సంగతిని స్పష్టంగా చెప్పినవాడు పెద్ద విశ్వవిద్యాలయం ఆచార్యుడు కాదు. ఎడ్గార్ హోప్-సింప్సన్ అనే ఇంగ్లండు పల్లెటూరి డాక్టరు. తన దగ్గరికి వచ్చే రోగుల లెక్కలు ఏళ్ళ తరబడి రాసుకుని 1965లో ఆయన చెప్పినది ఇది: అక్కి కొత్తగా బయటి నుంచి అంటుకున్న జబ్బు కాదు, చిన్ననాటి ఆటలమ్మే ఒంట్లో దాగి ఉండి, వ్యాధినిరోధక శక్తి తగ్గినప్పుడు బయటపడుతుంది.

కావలివాళ్ళు అలసిపోతే

"ఒకసారి ఆటలమ్మ పోస్తే మళ్ళీ రాదంటారుగా, అక్కి ఎలా వస్తుంది?" అని అడిగేవాళ్ళున్నారు. మంచి ప్రశ్న. వ్యాధినిరోధక శక్తి అనేది ఒకే వస్తువు కాదు. అందులో ముఖ్యమైనవి రెండు భాగాలు. ఒకటి రక్తంలో తిరిగే యాంటీబాడీలు. ఊరి పొలిమేరలో కాపలా ఉన్నట్టు, బయటి నుంచి వచ్చే వైరస్‌ను ఇవి అడ్డుకుంటాయి. ఆటలమ్మ రెండోసారి సాధారణంగా రాకపోవడానికి ఇదొక కారణం. రెండోది టీ కణాలు. ఇవి ఊళ్ళోపల గస్తీ తిరిగే కావలివాళ్ళు. నరాల ముడిలో పడుకున్న వైరస్ కదిలినప్పుడల్లా దాన్ని మళ్ళీ అణచివేసేది ఇవే.

వయసు పైబడుతున్నకొద్దీ యాంటీబాడీలు ఇంచుమించు అలాగే ఉంటాయి కాని, ఈ వైరస్‌ను గుర్తుపట్టే టీ కణాల శక్తి తగ్గుతుంది. అందుకే అక్కి యాభై దాటాక ఎక్కువవుతుంది. కాన్సరు చికిత్స తీసుకునేవారికీ, అవయవ మార్పిడి చేయించుకున్నవారికీ, కీళ్ళవాతానికి స్టిరాయిడ్ల వంటి మందులు వాడేవారికీ ఇంకా ముందే రావచ్చు. అమెరికాలో ప్రతి ముగ్గురిలో ఒకరికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు అక్కి వస్తుందని ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సి.డి.సి. అంచనా.

నడుము చుట్టూ అక్కి తిరిగి రెండు కొసలూ కలిస్తే మనిషి దక్కడని మన పల్లెల్లో ఒక భయం ఉంది. మనకు ఎడమపక్క నరాలు వేరు, కుడిపక్క నరాలు వేరు. అక్కి సాధారణంగా ఒకవైపు నరం వెంటే వచ్చి, ఒంటి మధ్యగీత దగ్గర ఆగిపోతుంది. కాబట్టి కొసలు కలుస్తాయన్న భయం అక్కర్లేదు. భయపడవలసిన చోటు వేరే ఉంది. అది ముఖం.

కన్ను ఎందుకంత సుకుమారం

ముఖానికి స్పర్శ తెలిపే నరానికి మూడు కొమ్మలున్నాయి. పై కొమ్మ నుదుటికీ, పైరెప్పకీ, ముక్కుకీ, కంటిగుడ్డుకీ వెళుతుంది. అక్కి వచ్చినవారిలో వందకు పదిమంది నుంచి ఇరవైమందికి అది ఈ కొమ్మ వెంట వస్తుంది. వారిలో ఇంచుమించు సగంమందికి కన్ను కూడా దెబ్బతింటుంది.

నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా పారదర్శకంగా ఉండే పొరను కార్నియా అంటారు. అందులో రక్తనాళాలు ఉండవు. ఉంటే మనకు చూపు మసకగా ఉండేది. ఒంట్లో ఇంకెక్కడైనా వైరస్ చేరితే కావలి కణాలు దండుగా వచ్చి యుద్ధం చేస్తాయి. వాపు వస్తుంది, ఎర్రబడుతుంది, మచ్చపడి మానుతుంది. చేతిమీద మచ్చపడితే నష్టమేమీ లేదు. కార్నియా మీద మచ్చపడితే దాన్నే మన పెద్దలు "కంట్లో పువ్వు వేసింది" అన్నారు. అంటే కంట్లో వైరస్ చేసే హాని ఒక ఎత్తు, వైరస్‌తో మన ఒళ్ళు చేసే యుద్ధం వల్ల కలిగే హాని ఇంకో ఎత్తు. అందుకే ప్రకృతి కంటిలోపల ఆ యుద్ధాన్ని బాగా తగ్గించి ఉంచింది.

ఈ ఏర్పాటుకు ఒక చిక్కు కూడా ఉంది. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా రోగులకు వైద్యం చేస్తూ ఇయాన్ క్రోజియర్ అనే అమెరికన్ డాక్టరు తానే ఆ జబ్బున పడ్డారు. అట్లాంటాలోని ఎమరీ ఆసుపత్రిలో చావు తప్పి బయటపడ్డారు. రక్తంలో వైరస్ లేదని తేలాకే ఇంటికి పంపారు. తరవాత కొన్ని వారాలకు ఒక కన్ను వాచి చూపు తగ్గితే, కంటిలోని ద్రవాన్ని తీసి పరీక్షించారు. అందులో ఎబోలా వైరస్ బతికే ఉంది! నీలంగా ఉన్న ఆ కన్ను కొన్నాళ్ళు ఆకుపచ్చగా మారింది కూడా. అదృష్టవశాత్తు చికిత్సతో చూపు తిరిగి వచ్చింది. ఒళ్ళంతా నయమైనా, కావలి తక్కువగా ఉన్న కంట్లో వైరస్ దాక్కోగలదని ప్రపంచానికి అప్పుడు బాగా తెలిసివచ్చింది.

డాక్టరమ్మకే వస్తే

అక్కి కంటికెక్కితే ఏమవుతుందో అమెరికాలో అందరికంటే గట్టిగా చెబుతున్నది డాక్టర్ ఎలిజబెత్ కోహెన్ అనే కంటి డాక్టరు. ఫిలడెల్ఫియాలోని పేరున్న విల్స్ కంటి ఆసుపత్రిలో ఆవిడ కార్నియా నిపుణురాలు. ఎందరి కళ్ళకో శస్త్రచికిత్సలు చేసిన మనిషి. 2008లో ఆవిడకే అక్కి వచ్చి కంటికి ఎక్కింది. ఒక కంటి చూపు బాగా దెబ్బతిని, కత్తి పట్టే వృత్తి మానుకోవలసి వచ్చింది. కార్నియా గురించి ఆవిడ కంటే తెలిసినవాళ్ళు అరుదు. అయినా ఆ జబ్బు ఆవిడను వదలలేదు.

అంతటితో ఆవిడ ఇంట్లో కూర్చోలేదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో చేరి రెండు పనులు పెట్టుకున్నారు. అక్కి టీకా గురించి జనానికీ తోటి డాక్టర్లకీ చెప్పడం ఒకటి. కంటి అక్కి తిరగబెట్టకుండా రోజూ తక్కువ మోతాదులో మందు వాడితే లాభముంటుందా అని పెద్ద పరిశోధన నడపడం రెండోది. అమెరికా, కెనడా, న్యూజిలాండు దేశాల్లో 527 మంది రోగులకు ఏడాదిపాటు కొందరికి వాలసైక్లోవిర్, కొందరికి ఉత్తి బిళ్ళ ఇచ్చి పోల్చారు. ఫలితాలు 2024లో వెల్లడయ్యాయి. పన్నెండు నెలల దగ్గర చూస్తే తేడా రుజువయ్యేంతగా లేదు. పద్ధెనిమిది నెలల దగ్గర చూస్తే కంటిజబ్బు కొత్తగా రావడం గాని ముదరడం గాని 26 శాతం తగ్గింది. నొప్పికి వాడే మందుల అవసరం కూడా తగ్గింది. ఇది అద్భుతం కాదు గాని, ఏళ్ళ తరబడి బాధపడేవారికి ఒక ఆసరా. తనకు జరిగిన నష్టాన్ని ఇంకొకరికి జరగకుండా చూసే పనిగా మార్చుకున్న ఆ డాక్టరమ్మను మెచ్చుకోకుండా ఉండలేం.

డెబ్భై రెండు గంటలు

అక్కికి మందు ఉంది. ఎసైక్లోవిర్, దాని నుంచి వచ్చిన వాలసైక్లోవిర్ వంటివి. ఎసైక్లోవిర్ గెర్ట్రూడ్ ఎలియన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞురాలి ప్రయోగశాలలో రూపుదిద్దుకుంది. ఆవిడకూ, ఆవిడ సహచరుడు జార్జి హిచింగ్స్‌కూ, స్కాట్లండుకు చెందిన జేమ్స్ బ్లాక్‌కూ కలిపి 1988లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇక్కడ మనవాళ్ళ ప్రస్తావన ఒకటి ఉంది. ఆ హిచింగ్స్ పరిశోధక విద్యార్థిగా చేరింది హార్వర్డులో సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు పనిచేసిందీ ఆ ప్రయోగశాలలోనే.

అయితే మందు ఎంత గొప్పదైనా సకాలంలో పడాలి. పొక్కులు కనబడిన 72 గంటల్లోగా మొదలుపెడితే మంచి ఫలితం ఉంటుంది. ఆ గడువు దాటినా, ముఖం మీద అక్కి అయితే డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానకూడదు. ఆలస్యమైతే కార్నియా మీద పుండ్లు, లోపల వాపు, కంటి ఒత్తిడి పెరగడం, కంటికి స్పర్శ పోవడం జరగవచ్చు. కొందరికి పొక్కులు మానాక కూడా నెలల తరబడి మంటపెట్టినట్టు నరాల నొప్పి ఉండిపోతుంది.

మన ఇళ్ళలో ఆ మూడు రోజులూ ఎలా గడిచిపోతాయో మీకూ తెలుసు. మొదటి రోజు నుదుటి మీద ఒకపక్క మంట, సలుపు. "తలనొప్పి, అమృతాంజనం రాసుకున్నాను" అంటుంది అమ్మ. రెండో రోజు పొక్కులు లేస్తాయి. "వేడి చేసింది, మజ్జిగ తాగుతాను" అంటుంది. మూడో రోజు కన్ను వాస్తుంది. "మీ ఇద్దరికీ ఉద్యోగాలు, శనివారం చూద్దాంలే" అంటుంది. ఆవిడ మనసులోని అసలు మాట వేరు. విజిటర్ ఇన్సూరెన్సు ఇస్తుందో ఇవ్వదో, డాక్టరు బిల్లు కొడుక్కి ఎంత భారమవుతుందో అన్నది ఆ మాట. బిడ్డల డబ్బు మిగల్చాలని నోరు మెదపని తల్లిదండ్రులు మన సంఘంలో ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్ళు చెప్పరు. మనమే చూసి పట్టుకోవాలి.

చూడవలసిన గుర్తులు ఇవి:

1. నుదుటి మీద గాని, తల మీద గాని ఒకవైపే మంట, పొక్కులు. మధ్యగీత దాటకపోవడం.

2. ముక్కు కొస మీద గాని, పక్కన గాని పొక్కు. ముక్కు కొసకూ కంటిగుడ్డుకూ స్పర్శ ఇచ్చేది ఒకే చిన్న నరం. అందుకని ముక్కు మీద పొక్కు ఉంటే కంటికి ఎక్కిందని అనుమానించాలి. పందొమ్మిదో శతాబ్దంలో జొనాథన్ హచిన్సన్ అనే ఇంగ్లండు డాక్టరు చెప్పిన ఈ గుర్తు ఈనాటికీ పనికివస్తుంది. ముక్కు మీద పొక్కు లేనంతమాత్రాన కంటికి ముప్పు లేదనుకోకూడదు.

3. కన్ను ఎర్రబడటం, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం.

వీటిలో ఏది కనబడినా ఆ రోజే ఫోను చెయ్యాలి. శనివారం దాకా ఆగకూడదు.

కావిరంగూ, చుక్కల మందూ

మన ఊళ్ళలో అక్కి వస్తే కుమ్మరివారి చేత కావిరంగుతో పొక్కుల చుట్టూ సింహం బొమ్మ రాయించేవారు. దాన్ని ఎగతాళి చెయ్యనక్కర్లేదు. రాసినవారు మంచి మనసుతోనే రాశారు. అక్కి పొక్కులు రెండు నుంచి నాలుగు వారాల్లో వాటంతటవే మానుతాయి కాబట్టి బొమ్మకు పేరు వచ్చింది. నడుము మీద అక్కి అయితే చర్మం అలా మానిపోతుంది. కంటికి ఎక్కినప్పుడు మాత్రం ఆ బొమ్మ ఆరేలోపు విలువైన గంటలు ఆరిపోతాయి. కంటి దగ్గర ఏ పసరూ, ఏ రంగూ రాయకండి.

ఇంకొక ప్రమాదం ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకునే చుక్కల మందులు. వాటిలో కొన్నింట్లో స్టిరాయిడ్ ఉంటుంది. వేస్తే ఎరుపు వెంటనే తగ్గి హాయిగా ఉంటుంది. కాని మూతి పేల్చే ఆ హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ కంటికి కూడా వస్తుంది. కార్నియా మీద చెట్టుకొమ్మ ఆకారంలో పుండు వేస్తుంది. దానిమీద స్టిరాయిడ్ పడితే కావలివాళ్ళ చేతులు కట్టేసి దొంగకు తలుపు తీసినట్టే. అదే స్టిరాయిడ్ అక్కి వల్ల కంటిలోపల వచ్చే వాపుకు ప్రాణాధారం కావచ్చు. ఏది ఎప్పుడు అన్నది యంత్రం కింద కన్ను చూసినవారు తేల్చాలి. సింప్లెక్స్ మాటిమాటికీ తిరగబెట్టేవారికి ఒక మంచి కబురు కూడా ఉంది. ఏడాదిపాటు రోజూ ఎసైక్లోవిర్ మింగినవారిలో అది 19 శాతం మందికే తిరగబెట్టిందనీ, మింగనివారిలో 32 శాతం మందికి తిరగబెట్టిందనీ ఈ దేశంలో 703 మంది మీద జరిగిన పరిశోధన 1998లో తేల్చింది.

కావలివాళ్ళను మళ్ళీ నిద్రలేపే టీకా

ఆటలమ్మకు టీకా కనిపెట్టింది జపాన్ డాక్టరు మిచియాకి తకహాషి. 1964లో ఆయన హ్యూస్టన్‌లో పనిచేస్తుండగా మూడేళ్ళ కొడుక్కి ఆటలమ్మ తీవ్రంగా పోసింది. ఆ రాత్రుల ఆందోళన ఆయన్ని పదేళ్ళు పనిచేయించి, 1974లో టీకాను ఇచ్చింది. అమెరికాలో 1995 నుంచి పిల్లలకు వేస్తున్నారు. అందుకే ఇక్కడ పుట్టిన మన పిల్లలకు ఆటలమ్మ అంటే ఏమిటో తెలియదు.

పెద్దల అక్కికి మొదటి టీకా జోస్టావాక్స్ 2006లో వచ్చింది. అది అక్కిని సగానికి తగ్గించింది. 2017లో షింగ్రిక్స్ అనే కొత్త టీకా వచ్చాక, 2020లో పాతదాన్ని ఈ దేశంలో ఆపేశారు. షింగ్రిక్స్‌లో బతికిన వైరస్ లేదు. వైరస్ పైతొడుగులోని ఒక ప్రొటీను, దానితోపాటు మన కావలి కణాలను గట్టిగా తట్టిలేపే ఒక మిశ్రమం ఉంటాయి. ఆ మిశ్రమంలో ఒక భాగం దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు ఒక చెట్టు బెరడు నుంచి తీస్తారు. రెండు మోతాదులు, మధ్య రెండు నుంచి ఆరు నెలల ఎడం. యాభై నుంచి అరవై తొమ్మిది ఏళ్ళవారిలో 97 శాతం, డెబ్భై దాటినవారిలో 91 శాతం అక్కిని ఆపుతుంది. చెయ్యి సలపడం, ఒళ్ళునొప్పులు, జ్వరం రెండు మూడు రోజులు ఉండవచ్చు. కావలివాళ్ళు లేచారనడానికి అది గుర్తనుకుని ఓర్చుకోవాలి, రెండో మోతాదు మానకూడదు.

యాభై దాటినవారందరికీ, వ్యాధినిరోధక శక్తి తగ్గిన పందొమ్మిదేళ్ళు దాటినవారికీ దీన్ని సిఫారసు చేశారు. ఇదివరకు అక్కి వచ్చినా, పాత టీకా వేయించుకున్నా ఇది వేయించుకోవచ్చు. పొక్కులు ఉన్నప్పుడు మాత్రం ఆగాలి. కంటి అక్కి వచ్చినవారు తమ కంటి డాక్టరుతో మాట్లాడి సమయం చూసుకోవాలి. మెడికేర్ మందుల పథకం ఉన్నవారికి 2023 నుంచి ఇది ఉచితం. ఇండియాలో కూడా 2023 నుంచి దొరుకుతోంది.

పురుటికి వచ్చిన అమ్మమ్మలు

మన అమ్మలు ఎక్కువగా ఇక్కడికి వచ్చేది కూతురి పురుటికో, కోడలి పురుటికో. అక్కి అక్కిగా ఇంకొకరికి అంటదు. కాని ఆ పొక్కుల్లోని నీరు తగిలితే, ఇంతవరకు ఆటలమ్మ పోయనివారికీ టీకా పడనివారికీ ఆటలమ్మ రావచ్చు. మన వేడి దేశాల్లో ఆటలమ్మ కొందరికి పెద్దయ్యాక గాని పొయ్యదు. కాబట్టి ఇండియాలో పెరిగిన మన ఆడపిల్లల్లో అది ఇంకా రానివారు ఉంటారు. గర్భిణికి గాని, పసిగుడ్డుకు గాని అది ప్రమాదం. అందుకని అమ్మమ్మకు అక్కి వస్తే పొక్కులు చెక్కు కట్టేవరకు వాటిని గుడ్డతో కప్పి ఉంచాలి. తువ్వాళ్ళు వేరుగా పెట్టాలి. పసివాడిని ఎత్తుకోవడం కొన్నాళ్ళు ఆపాలి. కూతురి డాక్టరుకు వెంటనే చెప్పాలి. కడుపుతో ఉన్నవారికి ఆటలమ్మ టీకా వెయ్యరు కాబట్టి, పిల్లల్ని కనాలనుకునేవారు ముందే పరీక్ష చేయించుకోవడం మేలు.

అమ్మానాన్నలకు ఈసారి టిక్కెట్లు కొనేముందు ఒక్క మాట అడగండి: "మీకు అక్కి టీకా పడిందా?" లేదంటే, బయలుదేరేముందు అక్కడే డాక్టరును అడిగి మొదటి మోతాదు వేయించండి. రెండోది ఇక్కడో, తిరిగి వెళ్ళాక అక్కడో ఆరు నెలల్లోపు పడుతుంది. ఆవకాయ జాడీ పెట్టెలో సర్దారా అని అడగడం మనం ఎప్పుడూ మరిచిపోం. ఆ ప్రశ్న పక్కనే ఈ ప్రశ్న కూడా వేసుకుంటే, ఈ ఏడు మనవడి మొదటి అడుగులు అమ్మమ్మ రెండు కళ్ళతోనూ చూస్తుంది.